గాజు మందం

జుమ్మేరాత్ బజార్‌లో గురువారం పొద్దున
కుక్కర్ మూతల పక్కన, ఆగిన గడియారాల మధ్య
కాళ్లు ముడుచుకుని కూచుంది కెమెరా.
టేకు ఒళ్లు, ఇత్తడి కన్ను,
తోలు తిత్తి మడతల్లో ఎలుక కొరికిన రెండు చిల్లులు.
పదిహేను వందలన్నాడు, పదకొండుకి దిగాడు.
మూడు హోల్డర్లు ఊరికే ఇచ్చాడు.

మూడోది బరువుగా ఉంది.
ఏముందోనని అక్కడే, ఎండలోనే
మూత పలక పైకి లాగాను.

లోపల గాజు.
మీగడ రంగు పూత, ఒక మూల గోటిగీత.
ఎవరో కూచున్నారేమో దాని ముందు,
కడిగించుకోవడం మరిచిపోయారేమో.
అసలెవరూ కూచోనే లేదేమో.
ఇక తెలీదు.
ఇరవై రెండేళ్లుగా కోఠీ నర్సింగ్‌హోములో ఎక్స్‌రేలు తీస్తున్నదాన్ని,
డార్క్‌రూమ్ తలుపు తీసిన ట్రైనీలను
కంటతడి పెట్టేదాకా తిట్టిన నోరు నాది.
నేనే తెరిచాను.

గాజు పలకలు ఇప్పుడెవరు చేస్తారు?
మా దగ్గర ఫిల్ముంది.
కంప్యూటరొచ్చాక స్టోర్‌రూమ్‌లో మిగిలిన డబ్బాలు,
ఎనిమిది పదుల సైజు: చెయ్యి, మణికట్టు, చంటిపిల్లల ఛాతీ.
తారీఖు దాటి తొమ్మిదేళ్లు.
"చెత్తలో వెయ్యమ్మా" అన్నారు డాక్టరుగారు.
వేశాను, మా ఇంట్లో.

మలక్‌పేట అద్దింటి బాత్రూములో ఎర్ర బల్బు,
బోర్లించిన బకెట్టు మీద పీట, స్కేలు, కత్తి.
ఆరున్నరకి నాలుగూ ముప్పావు.
ఈ ఫిల్ముకి వెనకా ముందూ లేదు.
రెండు పక్కలా పూతే, రెండు పక్కలా మొహమే,
ఎటు ముట్టుకున్నా గీత పడుతుంది.
ముందు గోళ్లు తీసుకున్నాను.

తీరా పెడితే
గాజు కోసం తవ్విన గాడిలో అది
పెద్దన్న చొక్కా తొడుక్కున్న పిల్లాడు.
లొడలొడా. నడుమ బొజ్జ.
మొదటి బొమ్మ మా మేడ మీది నీళ్ల ట్యాంకు:
అంచులు సరిగ్గానే ఉన్నాయి, మధ్యంతా నీళ్లే.

బేగంబజార్‌లో రేకు పని చేసే ఫక్రుద్దీన్ తాత
నూనె డబ్బా కోసి, మూడు వైపులా మడిచి
ఫిల్ముకి తొడుగు చేసిచ్చాడు,
వీపు మీద సగం పొద్దుతిరుగుడు పువ్వుతో.
బిగిసి గీరింది. ఇంకోటి చేశాడు. అది జారింది.
మూడోసారి కళ్లద్దాలు నుదుటికి నెట్టి అడిగాడు:
"ఇండ్ల ముందుగాల ఏముండె బిడ్డా?"
"గాజు."
"ఏడున్నది?"
సంచిలో ఉంది.
పారెయ్యలేదు. ఎందుకో అడిగితే చెప్పలేను.
"మరి గదే ఎన్క పెట్టు. దాని జాగ దానికెర్కనే గద,
నడుమ నా రేకెందుకు?"

ఫిల్ము ముందు, గాజు వెనక.
స్ప్రింగు కాస్త మూలిగి ఒప్పుకుంది.
ఒక మొహం లోకం వైపు,
రెండో మొహం ఆ గాజుకి ఆనించి.

తాతనే కూచోబెట్టాను దుకాణం ముందు.
"కదలొద్దు. ఊపిరి తీసుకోండి. బిగపట్టండి."
నాకొచ్చిన మంత్రం ఇదొక్కటే.
లెన్సు మూత తీశాను. ఒకటి, రెండు,
తోపుడుబండి ఒకటి అడ్డంగా పోయింది,
మూడు, నాలుగు.
"ఇగ ఇడువొచ్చా?" అన్నాడు పళ్ల సందునించి.

ఆ రాత్రి ట్రేలో తేలాడు,
తెల్లగడ్డం నల్లగా, కళ్లు తెల్లగా,
బండి పోయినచోట పొగ లాంటి మరక.
బొజ్జ లేదు. ముడతలన్నీ నిలబడ్డాయి
ఈ చెవి నుంచి ఆ చెవిదాకా.
ఎముకలకు అలవాటైన నా కళ్లు
చర్మం మీద చాలాసేపు తచ్చాడాయి.

ఎడమ మూల సన్నటి గీత ఒకటి.
కోసేటప్పుడు నా గోరే తగిలుంటుంది.
గోళ్లు తీసుకున్నాను కదా మరి.

గాజును కడగలేదు.
ఇంకా పద్నాలుగు డబ్బాలున్నాయి.